మూడూ నలభై రెండుకి దిద్దిన తప్పు

రెండు గంటలకి నా మేనకోడలు చిట్టిని అరెస్టు చేస్తారు. నేను కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ గుమ్మం తొక్కేసరికి పదకొండూ పది. నా వాచీ కరెక్టే. పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్ చూసి, రెండు నిమిషాలు వెనకుందని నాచేత ముందుకి తిప్పించారు.

గుమ్మానికి అడ్డంగా ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"రారా డిటెక్టివూ! ఏదీ ముట్టుకోకు. చదవడం వస్తే చదువుకో, లేకపోతే బొమ్మలు చూసుకో."

వీడూ నేనూ ఎనిమిదో తరగతి దాకా ఒకే బెంచీ. తర్వాత వాడు తొమ్మిదిలోకి వెళ్లాడు, నేను ప్రింటింగ్ ప్రెస్సులోకి, అక్కణ్నించి ఈ డిటెక్టివ్ పనిలోకి వెళ్లాను. ముప్ఫై ఏళ్లయింది. ఆ సంగతి వాడు మరిచిపోడు, నన్ను మరిచిపోనివ్వడు.

"వచ్చులే. లెక్కల పరీక్షలో నా పేపరు చూసి నువ్వు రాసిన రోజు నించీ వచ్చు."

పక్కనున్న కానిస్టేబుల్ దగ్గు నటించాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకుని పక్కకి జరిగాడు.

పైకి అలా మాట్లాడాను గానీ, లోపల నా ప్రాణం నా చేతిలో లేదు. రాత్రంతా అక్క ఏడవలేదు. ఆస్పత్రిలో ఆయాగా ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి, ఏడుపులు చాలా చూసింది. పొద్దున్న నా చొక్కా పట్టుకుని ఒకే మాట అంది: "దాన్ని ఇంటికి తీసుకురా. నువ్వెలా తెస్తావో నాకు తెలీదు." ఆ పట్టుకి ఊడిన గుండీ ఇంకా నా జేబులోనే ఉంది.

నిన్న జరిగింది ఇది. మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ క్లాసు అయిపోయింది, పిల్లలు వెళ్లిపోయారు. మూడూ ఇరవైకి ల్యాబ్ సారు బతికే ఉన్నాడు. ప్రింటరుకి కాగితం అయిపోయిందని టెక్నీషియన్ చెబితే 'స్టోరుకెళ్లి పట్రామ్మా' అన్నాడు. నాలుగూ అయిదుకి ఆవిడ కాగితాల కట్టలు మోసుకొచ్చేసరికి ఆయన బల్ల మీద తలవాల్చి ఉన్నాడు. తల వెనక భాగం పగిలిపోయింది. కాళ్ల దగ్గర మంటలార్పే ఎర్ర సిలిండరు పడి ఉంది.

మధ్యలో నలభై అయిదు నిమిషాలు. అందులో ఒక్క నిమిషాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూడూ నలభై రెండు," అన్నాడు, తలుపు పక్కనే ఉన్న పదిహేడో నంబరు కంప్యూటరు చూపించి. "మీ చిట్టి రాసిన ప్రోగ్రాం, మీ చిట్టి లాగిన్‌లో, సరిగ్గా మూడూ నలభై రెండుకి సేవ్ అయింది. తనేమో మూడింటికే వెళ్లిపోయానంటుంది. ఎక్కడికెళ్లావమ్మా అంటే బస్టాపులో కూచుని ఏడ్చానంటుంది. ఎవరైనా చూశారా అంటే ఎవరూ చూళ్లేదంటుంది. ఇదేమైనా నమ్మే కథలా ఉందా?"

"లాగిన్ మూసెయ్యకుండా వెళ్లానని కూడా చెప్పిందిగా."

"చెప్పింది. మరి మిషను తనంతట తనే సేవ్ చేసుకుందా? క్లాసు మధ్యలో సారుతో గొడవ పడింది. 'తప్పెక్కడో చెప్పరు, తిట్టడం మాత్రం వచ్చు' అని ముప్ఫై మంది ముందు అరిచింది. ఈ ల్యాబ్ తప్పితే ఏడాది పోతుంది. ఇంకేం కావాలి నీకు?"

నాకు కావలసింది వీడి దగ్గర లేదు. పొద్దున్న ఎనిమిదింటికి పోలీస్ స్టేషన్‌లో వీడి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆడపిల్ల, పదిహేడేళ్లు నిండలేదు, స్టేషన్‌లో కూచోబెట్టకురా అన్నాను. వీడు వినలేదు. అప్పుడే ప్రిన్సిపాల్ మేడమ్ స్వయంగా వచ్చారు. 'రెండింటి దాకా నా ఇంట్లో ఉంటుంది, పూచీ నాది' అని సంతకం పెట్టారు. అంత పెద్ద మనిషి ఆయా కూతురి కోసం స్టేషన్ మెట్లెక్కడం చూసి నా కళ్లు చెమర్చాయి. నా కళ్లు అంత సులభంగా చెమర్చవు.

తొమ్మిదింటికి ఆవిడ ఫ్లాటుకి వెళ్లాను. అయిదో అంతస్తు. చిట్టి కుర్చీ అంచున కూచుని ఉంది, పరీక్ష హాల్లో కూచున్నట్టు. ఉక్కగా ఉందని నేనే బాల్కనీ తలుపు తీయించాను. మేడమ్ నీళ్లు తేవడానికి లోపలికెళ్లగానే అది నా చెయ్యి పట్టుకుంది.

"మామయ్యా, నన్ను ఇక్కడ వదిలెళ్లకు. నాకు భయంగా ఉంది."

"స్టేషన్ కంటే నయం కదే పిచ్చిదానా."

"స్టేషన్‌లోనే బాగుంది. అక్కడ పదిమంది ఉన్నారు."

ఆ మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. పిల్ల బెదిరిపోయింది, ఏదో అంటోంది అనుకున్నాను. నిన్నటి ల్యాబ్ కాగితాలు రెండు మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "సారు ఎర్ర సిరాతో సున్నా చుట్టారు మామయ్యా. అందరికీ మార్కులు సున్నా ఎందుకొస్తున్నాయో నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకుందామంటే ఇప్పుడు ఆయన లేరు," అని వెక్కింది.

మేడమ్ నీళ్లతో వచ్చి, "ఆ కాగితాలు నా దగ్గర పెట్టండి, జాగ్రత్తగా ఉంటాయి," అన్నారు. సాయంత్రం ఇస్తానన్నాను. ప్రెస్సు అలవాటు నాది. పని అయ్యేదాకా ప్రూఫు చెయ్యి దాటదు. ఆవిడ నవ్వి, అప్పుడే నా వాచీ వైపు చూసి, రెండు నిమిషాలు తేడా ఉందన్నారు.

*

ల్యాబ్ టెక్నీషియన్ ప్రింటరు పక్కన స్టూలు మీద కూచుని ఉంది. ముప్ఫై అయిదేళ్లుంటాయి. నడుముకి తాళాల గుత్తి. నిద్రలేక కళ్లు వాచిపోయినా నోరు మాత్రం తగ్గలేదు.

"మళ్లీ మొదట్నించీ చెప్పాలా? నిన్నట్నించీ ఇన్‌స్పెక్టర్ గారికి ఏడుసార్లు చెప్పాను. ఒక కాగితం మీద రాసి గోడకి అంటించనా సార్?"

"నేను వేరే ప్రశ్నలు అడుగుతాను. ఈ గదికి తలుపులెన్ని?"

"రెండు. మీరొచ్చింది ఒకటి. సారు కుర్చీ వెనకాల ఉంది చూడండి, అది రెండోది. పరీక్షల రికార్డు గదిలోకి వెళ్తుంది. మార్కుల పట్టీలన్నీ అందులోనే ఉంటాయి."

"తాళం?"

"ఒకటి నా నడుముకి. ఇంకోటి ప్రిన్సిపాల్ ఆఫీసులో మేకుకి."

"నిన్న మీది ఎక్కడుంది?"

"నాతోపాటే స్టోరుకొచ్చింది. రెండు కట్టల కాగితానికి మూడు సంతకాలంటూ నన్ను నాలుగు దాకా నిలబెట్టాడు ఆ స్టోరు గుమాస్తా. జన్మలో మొదటిసారి వాడి వల్ల నాకు మేలు జరిగింది."

"ఆఫీసులోది ఎవరైనా తీసుకోవచ్చా?"

"తీసుకుంటే పుస్తకంలో రాయాలి. నిన్న ఎవరూ రాయలేదు. రాయకపోతే మేడమ్ ఊరుకోరు. పోయిన నెల 'పన్నెండో తేదీ నించి పదిహేను దాకా మూడు రోజులు సెలవు' అని అర్జీ పెట్టాను. ఆకుపచ్చ సిరాతో మూడు కొట్టేసి నాలుగు అని దిద్ది పంపారు."

"సెలవిచ్చారా?"

"లెక్క సరిచేశారు. సెలవివ్వలేదు."

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఆ నవ్వుకి నన్ను నేనే తిట్టుకున్నాను.

లేచి గది కొలవడం మొదలుపెట్టాను. పదిహేడో నంబరు కంప్యూటరు నించి సారు కుర్చీకి పంతొమ్మిది అడుగులు. ఆ కుర్చీ మొహం పెద్ద తలుపు వైపు, వీపు రికార్డు గది తలుపు వైపు. సిలిండరు తగిలించే కొక్కెం రికార్డు గది తలుపుని ఆనుకునే ఉంది. కుర్చీలో కూచున్న మనిషికి అది కనబడదు. వంగి నేల చూశాను. కొక్కెం కింద గోడకి సిలిండరు రాసుకుని ఎర్రటి గీత పడి ఉంది. గీత కుర్చీ వైపు కాదు, తలుపు వైపు ఉంది.

"ఇక్కడ చూడు," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "చిట్టి కొట్టాలంటే ఆయన కళ్లెదురుగా పంతొమ్మిది అడుగులు నడవాలి. ఆయన పక్క నించి వెనక్కి వెళ్లాలి. ఆ బండని కొక్కెం మీంచి ఎత్తాలి. అప్పటిదాకా ఆయన తల తిప్పకుండా కూచోవాలి. అయ్యే పనేనా? కొట్టినవాళ్లు ఈ తలుపులోంచి వచ్చారు. గుమ్మంలో నిలబడి పక్కకి చెయ్యి చాపారు. దొరికింది లాగారు."

"తలుపుకి తాళం ఉంది."

"తాళానికి చెవి ఉంది."

"చెవి ఎవరూ తియ్యలేదని పుస్తకం చెబుతోంది."

"చంపడానికి వెళ్లేవాడు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్తాడట్రా?"

వాడికి తిక్క రేగింది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఒరే, నీ బాధ నాకర్థమవుతుంది. మీ అక్కకి ఉన్నది ఒక్కగానొక్క పిల్ల. కానీ నాకూ పైన ఆఫీసర్లున్నారు. మూడూ నలభై రెండుకి ఆ లాగిన్‌లో కూచున్నది ఎవరో చూపించు. నీ గీతలూ అడుగులూ కోర్టులో ఎవరూ వినరు. చూపించలేకపోతే రెండింటికి నేను జీపెక్కుతాను."

అప్పుడు పన్నెండూ అయిదు.

నా దగ్గర ఇంకేమీ లేదు. చిట్టి ఇచ్చిన కాగితాలు జేబులోంచి తీశాను.  ఒకటి సారు క్లాసులో పంచిన మార్కుల పట్టీ. పన్నెండు రోల్ నంబర్లు, ఒక్కోదానికి అయిదేసి సబ్జెక్టుల మార్కులు. రెండోది చిట్టి ప్రోగ్రాం, మూడింటికి ముందు ప్రింటు తీసింది. మధ్యలో ఒక వరుస చుట్టూ ఎర్ర సిరా సున్నా, పక్కన సారు చేతిరాత: 'ఎందుకు సున్నా? నువ్వే కనుక్కో.'

"పదిహేడో నంబర్లో ఆ ప్రోగ్రాం తెరిపించండి," అన్నాను.

"నీకేమర్థమవుతుందిరా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏమీ అర్థం కాదు. ఆ అవసరం నాకెప్పుడూ రాలేదు."

పదకొండేళ్లు ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చాను. నాకు రాని భాషల్లో కూడా పుస్తకాలు పేర్చాను. అర్థం తెలిస్తే కన్ను మోసం చేస్తుంది, తప్పుని ఒప్పుగా చదివేస్తుంది. తెలియకపోతే ఒక్కో గుర్తునీ విడిగా చూస్తుంది. కాగితం ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేతి వేలు తెర మీద పెట్టి, ఒక్కో వరుసా దిగుతూ వచ్చాను. మొదటి పద్నాలుగు వరుసలూ అచ్చు గుద్దినట్టు ఒకటే.

పదిహేనో వరుస దగ్గర వేలు ఆగింది.

కాగితం మీద, ఎర్ర సున్నా లోపల:

avg = total / 500 * 100;

తెర మీద:

avg = total * 100.0 / 500;

టెక్నీషియన్ని పిలిచాను. "అమ్మా, ఇలా రండి. ఈ రెంటికీ తేడా ఏంటో ఎనిమిదో తరగతి వాడికి చెప్పినట్టు చెప్పండి."

టెక్నీషియన్ తెర మీదికి వంగింది. "ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసే తప్పే సార్. ప్రోగ్రాం పనేంటంటే, రోల్ నంబరూ అయిదు మార్కులూ అడుగుతుంది, కూడుతుంది, నూటికి ఎంతో లెక్కగడుతుంది. ఎనభై వస్తే ఏ గ్రేడు, అరవై వస్తే బి, నలభై వస్తే సి, తక్కువైతే ఎఫ్."

"సరే."

"అయిదు వందలకి మూడు వందల ముప్ఫై వచ్చాయనుకోండి. ముందు అయిదు వందలతో భాగిస్తే ఒకటి కంటే తక్కువ వస్తుంది కదా. పూర్ణ సంఖ్యని పూర్ణ సంఖ్యతో భాగించమంటే సి భాషలో చుక్క తర్వాత వచ్చేదంతా పారేస్తుంది. పూర్తి ఇటుకలే లెక్కపెట్టి ముక్కలన్నీ పారబోసే మేస్త్రీ లాగా. మిగిలేది సున్నా. సున్నాని వందతో హెచ్చవేస్తే సున్నానే. అందుకే మీ అమ్మాయి ప్రోగ్రాంలో అందరూ ఫెయిలు. ఇక్కడ తెర మీదేమో ముందు హెచ్చవేశారు, వందకి చుక్క సున్నా తగిలించారు. ఇప్పుడు ముక్కలు పోవు. ఇది సరైన ప్రోగ్రాం."

ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. "ఇంకేముంది! మూడింటి తర్వాత మీ చిట్టి మళ్లీ వచ్చి కూచుంది, తప్పు కనుక్కుంది, దిద్దింది, సేవ్ చేసింది. శభాష్ డిటెక్టివూ, నా కేసు నువ్వే కట్టి పెట్టావు."

"తప్పు దిద్దుకున్న పిల్ల సారుని ఎందుకు చంపుతుందిరా? ఎగురుకుంటూ వెళ్లి చూపిస్తుంది. పైగా పొద్దున్న తొమ్మిదింటికి కూడా దానికి ఆ సున్నా ఎందుకొస్తోందో తెలీదు."

"అబద్ధం ఆడి ఉండొచ్చు."

"కావాలంటే కాగితం పెట్టి అడుగు. రానిది వచ్చినట్టు నటించొచ్చు గానీ, దానికి రాదని దాని సారే ఎర్ర సిరాతో రాసిచ్చాడు." టెక్నీషియన్ వైపు తిరిగాను. "పోనీ సారు దిద్దారా?"

"సారా?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "తొమ్మిదేళ్లు చూశాను. ఒక్క పిల్లకి ఒక్క చుక్క కూడా పెట్టివ్వలేదాయన. ఎర్ర సున్నా చుట్టి వదిలేసేవారు. వెతుక్కుంటే బతికినంత కాలం గుర్తుంటుంది, నేను చెబితే సాయంత్రానికి మర్చిపోతారు అనేవారు. పిల్లలు ఎంత తిట్టుకున్నా ఆ అలవాటు మానలేదు."

"ఏమీ మార్చకుండా సేవ్ చేస్తే టైము మారుతుందా?"

"ఇందులో మారదు. ఏదో ఒకటి మార్చితేనే సేవ్ అవుతుంది. ఒక ఖాళీ కొట్టినా చాలు."

గది చల్లగా ఉంది, మిషన్ల కోసం. నా వీపు మీద చెమట చుక్క కిందికి జారడం తెలుస్తోంది.

"ఇప్పుడు విను," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "ఆ తలుపులోంచి ఎవరో వచ్చారు, కొట్టారు. తెరిచి ఉన్న చిట్టి లాగిన్ కనబడింది. ఆ టైముకి చిట్టి ఇక్కడే ఉన్నట్టు కనబడాలి. అంటే ప్రోగ్రాం సేవ్ కావాలి. అంటే ఏదో ఒకటి మార్చాలి. నువ్వైతే ఏం చేస్తావు?"

"ఏదో ఒక మీట నొక్కుతాను."

"నేనూ అంతే. ఈ మనిషి అలా చెయ్యలేదు. అక్కడ రక్తం కారుతోంది, ఎవరైనా వచ్చేస్తారు. అయినా ప్రోగ్రాంలో తప్పు కంటబడేసరికి చెయ్యి ఊరుకోలేదు. దిద్దేసింది. తను దిద్దానని తనకైనా తెలుసో లేదో."

ఇన్‌స్పెక్టర్ తెర దగ్గరికి జరిగి ఆ వరుస మళ్లీ చదివాడు.

"దాన్ని నడిపించండమ్మా," అన్నాను. "ఈ పట్టీలో మార్కులు కొట్టండి. ఇవి ఎవరి మార్కులు?"

"పోయిన బ్యాచివే. పేర్లు తీసేసి రోల్ నంబర్లు ఉంచారు. కల్పించిన మార్కులతో ప్రోగ్రాం పరీక్షిస్తే పిల్లలు ఒళ్లు దగ్గర పెట్టుకోరని సారు ఎప్పుడూ నిజం మార్కులే ఇచ్చేవారు." ఉన్నట్టుండి ఆగింది. "ఆ పట్టీ అసలు కాపీ సారు బల్ల మీద ఉండాలి సార్. నిన్నట్నించీ కనబడలేదు."

ఆవిడ వేళ్లు మీటల మీద పరిగెత్తాయి. ఒకటో నంబరు: అరవై రెండు, డెబ్భై ఒకటి, యాభై ఎనిమిది, అరవై ఆరు, డెబ్భై మూడు. నూటికి అరవై ఆరు, బి గ్రేడు. కానిస్టేబుల్ని బయట వరండాలో నోటీసు బోర్డు దగ్గర నిలబెట్టాను. పోయిన బ్యాచి గ్రేడులు ఇంకా అక్కడే అంటించి ఉన్నాయి.

"ఒకటి?" అని అరిచాను.

"బి!" అని బయట నించి వచ్చింది.

"రెండు?" "సి!" తెర మీదా సి. మూడు, నాలుగు, అయిదు, అన్నీ సరిపోయాయి. ఎనిమిది దాకా ఒక్క తేడా లేదు. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. పన్నెండూ ముప్ఫై అయిదు.

తొమ్మిదో నంబరు. ఇరవై ఎనిమిది, ముప్ఫై అయిదు, ఇరవై రెండు, ముప్ఫై ఒకటి, ముప్ఫై తొమ్మిది.

నూటికి ముప్ఫై ఒకటి, ఎఫ్.

"తొమ్మిది?"

వరండాలో కానిస్టేబుల్ కాస్త తడుముకున్నాడు. "బి సార్!"

"సరిగ్గా చూడు."

"బి యే సార్. వేలు పెట్టి చూస్తున్నా."

 నిన్న మధ్యాహ్నం చిట్టి ప్రోగ్రాం తప్పుగా ఉన్నంతసేపూ ఈ గదిలో అందరూ ఎఫ్‌లే, తొమ్మిదో నంబరు ఆ గుంపులో కలిసిపోయింది. దిద్దిన చెయ్యే దాన్ని బయటికి లాగి నిలబెట్టింది.

"తొమ్మిదో నంబరు ఎవరు?" అన్నాను.

టెక్నీషియన్ మీటల మీది వేళ్లు తీసి ఒళ్లో దాచుకుంది.

"అమ్మా."

"మేడమ్ గారి తమ్ముడి కొడుకు," అంది, పెదవులు కదిలీ కదలకుండా. "నిన్న భోజనాల వేళ సారు ఆ పట్టీ పట్టుకుని మేడమ్ గదికి వెళ్లారు. తిరిగొచ్చాక అన్నం ముట్టలేదు. ఏంటి సార్ అంటే, రేపు యూనివర్సిటీకి ఉత్తరం రాయాలమ్మా అన్నారు. మార్కుల గొడవలు నాకెందుకులే అనుకున్నాను."

"నిన్నట్నించీ ఏడుసార్లు చెప్పావు కదా! ఇదెందుకు చెప్పలేదు?" అని ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

"మీరు అడిగిన ఏడుసార్లూ ఆవిడ మీ పక్కనే కుర్చీ వేసుకుని కూచున్నారు సార్!"

నాకు ఆకుపచ్చ సిరా కనబడింది. మూడు కొట్టేసి నాలుగు. నా వాచీ కనబడింది.

"మేడమ్‌కి ఈ సి భాష వచ్చా?"

"ఏంటండీ ఆ ప్రశ్న? ప్రిన్సిపాల్ కాకముందు ఈ ల్యాబ్‌లో ఈ సబ్జెక్టే పదిహేనేళ్లు చెప్పారు. సారుకి కూడా ఆవిడే నేర్పారు."

స్టేషన్‌లోనే బాగుంది మామయ్యా, అక్కడ పదిమంది ఉన్నారు.

"చిట్టి దగ్గర ఎవరున్నార్రా?" ఇన్‌స్పెక్టర్ చొక్కా పట్టుకుని అడిగాను.

"లేడీ కానిస్టేబుల్ని పెట్టాను." వాడప్పటికే ఫోను నొక్కుతున్నాడు. అవతల ఆవిడ మాట నాకూ వినబడింది. నేను భోజనానికొచ్చానండి సార్, అంటోంది. మేడమ్ గారే పంపారండి, అమ్మాయిని నేను చూసుకుంటాలే, నువ్వు నిదానంగా తిని రా అన్నారండి. అరగంటైంది సార్.

ఇన్‌స్పెక్టర్ ఫోను దించాడు. ముప్ఫై ఏళ్లలో వాడి మొహంలో నేను చూడనిది అప్పుడు చూశాను. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు కనబడనప్పుడు ఉండే మొహం.

"జీపులో ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు."

"పద. నేను ఆవిడతో మాట్లాడుతూ ఉంటాను. నీకేమీ తెలిసినట్టు ఉండకూడదు, సైరన్ మోగకూడదు."

మెట్లు దిగుతూ మేడమ్ నంబరు కలిపాను. మూడుసార్లు మోగింది. నాలుగోది మోగుతుండగా ఎత్తారు.

"చెప్పండి," అన్నారు. గొంతు నెమ్మదిగా ఉంది. తొందర లేదు.

"ఏం లేదు మేడమ్. అక్క కంగారు పడుతోంది. పిల్ల ఎలా ఉందో కనుక్కుందామని."

"బాగానే ఉంది. బాల్కనీలో కూచుంది, గాలికి. మీరే కదా పొద్దున్న తలుపు తీయమన్నారు."

ఫోనులో గాలి హోరు వినబడుతోంది. ఎక్కడో కింద, చాలా కింద, ఒక స్కూటరు వెళ్లిన చప్పుడు.  ఇన్‌స్పెక్టర్ నన్ను జీపులోకి తోసి కూచోబెట్టాడు.

"ఏం చేస్తోంది మేడమ్?"

"వాళ్లమ్మకి ఉత్తరం రాస్తోంది. మనసులో ఉన్నది కాగితం మీద పెడితే బరువు తగ్గుతుందని నేనే రాయమన్నాను. పాపం, చెయ్యి వణుకుతోంది. చాలా తప్పులు రాసింది."  కాగితం మీద పెన్ను గీరిన చప్పుడు. "దిద్దుతున్నాను."

"మేడమ్, ఒకసారి దానికి ఫోనివ్వండి."

"ఇస్తాను. అయిపోవచ్చింది, ఇంకో రెండు వాక్యాలే. మీ వాచీ ఇప్పుడు కరెక్టుగా ఉందా?"

జవాబు చెప్పబోయాను.  ఆ గాలి హోరులోంచి చిట్టి గొంతు వినబడింది, క్లాసులో చెయ్యెత్తి అడిగినట్టు, ఎంతో వినయంగా:

"మేడమ్, చివర్న సంతకం కూడా పెట్టాలా?"